సూదిచెట్టు బంక

సూదిచెట్టు బంకకి సాంబ్రాణి వాసన పెట్టింది నూకరత్నమే. పెట్టమని ఆమెని ఎవరూ బలవంతం చేయలేదు. ఆ వాసన లేకపోయినా చెట్టు దుమ్ము పట్టేది, గాలి బాగుపడేది, గెడ్డవీధి జనం ఇంకో ఏడాదో రెండేళ్ళో సణుక్కుని ఊరుకునేవారు. కానీ మేలు చేసేవాళ్ళకి ఆ మేలుతో పాటు కాస్త మెప్పు కూడా కావాలనిపిస్తుంది చూడండి, అక్కడే వచ్చింది చిక్కంతా.

ముందు గెడ్డవీధి సంగతి చెప్పాలి. ఓడరేవుని ఆనుకుని, బొగ్గు యార్డుకీ పాత బ్యాటరీలు కరిగించే షెడ్లకీ మధ్య ఇరుక్కున్న పేట అది. పొద్దున్న తెల్లచీర ఆరేస్తే సాయంత్రం బూడిదరంగు చీర తీసుకోవాలి. పెరుగుగిన్నె మీద మూత మరిచిపోతే మీగడ మీద నల్లటి పొర. పిల్లలు ముక్కు చీదితే నలుపు. రత్నం తండ్రి అప్పన్న యార్డులో బొగ్గు ఎత్తీ ఎత్తీ నలభై ఆరేళ్ళకే మంచం పట్టాడు. గాలి కోసం నోరు తెరుచుకుని, అలాగే పోయాడు. అప్పటికి రత్నం ఇంటర్, చెల్లెలు వరాలు ఐదో క్లాసు. తండ్రి ఛాతీలోంచి వచ్చిన ఆ గురగుర చప్పుడు రత్నం చెవిలోంచి ఈనాటికీ పోలేదు. వృక్షశాస్త్రం చదివినా, డాక్టరేట్ చేసినా, పై ఊళ్ళ ఉద్యోగాలు కాదని ఆ పట్నంలోని పరిశోధనశాలలోనే పట్టుబట్టి చేరినా, అంతా ఆ చప్పుడు మీది కసితోనే.

ఒకరోజు ఆమె గెడ్డవీధి అరుగుల మీంచి చేటెడు దుమ్ము ఊడ్చి లాబ్‌కి పట్టుకెళ్ళింది. గాజు పెట్టెలో కొండల నుంచి తెచ్చిన పైన్ మొక్క పెట్టి, ఆ దుమ్ము పోసి, ఫ్యాన్ వేసింది. పెట్టె లోపల కాసేపు ఏమీ కనపడలేదు. అరగంటకి గాజు తేటబడింది. దుమ్మంతా ఆకుల మీద ఉంది. పైను ఆకు ఆకులా ఉండదు, సూదిలా ఉంటుంది, ఒక్కో కొమ్మకి వేలకి వేలు. గాలి వాటి మధ్య దూరి నెమ్మదిస్తుంది, సన్నటి దుమ్ము వాటి మీది మైనానికి అంటుకుపోతుంది. పైగా మిగతా చెట్లు ఆకు రాల్చి మోడై నిలబడే రోజుల్లో కూడా అది పని మానదు.

"మరి వానొస్తే?" అని అడిగారు డైరెక్టర్ పరాంకుశంగారు.

"వానొస్తే కడుక్కుపోయి మళ్ళీ మట్టిలోకే సర్. అదే నేను మార్చాలి" అంది రత్నం.

మార్చడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. చివరికి తయారైన చెట్టు ఉప్పుగాలికీ వడగాడ్పుకీ చలించలేదు. సూది మీద పడ్డ దుమ్ముని, అందులో ఉన్న సీసంతో సహా, వాన కడిగేలోపే లోపలికి పీల్చుకుంది. కాండం దాకా లాగి, బంక ముద్దల్లో బంధించి, బెరడు మీదికి నెట్టింది. మున్సిపాలిటీ మనుషులు నెలకోసారి చేతితొడుగులు వేసుకుని ఆ బంక గీకి, డబ్బాల్లో మూతలు బిగించి పట్టుకెళ్ళాలి. కాగితం మీద ఎంత ముచ్చటగా ఉందో ఆ ఏర్పాటు!

అయితే మొదట నాటిన చెట్ల బంక కంపు కొట్టింది. చచ్చిన ఎలుకనీ కిరసనాయిలునీ కలిపితే ఎలా ఉంటుందో అలా. నెల తిరక్కుండా పదిహేడు చెట్లు రాత్రికి రాత్రి మాయమయ్యాయి. "అప్పన్న కూతురు అంత సదువు సదివి మా గుమ్మాల ముందు పెంట నాటిసింది" అని రత్నం ముఖం మీదే అన్నారు ఆడవాళ్ళు. ఆమెకి ఏడుపొచ్చింది. సొంత పేట, సొంత మనుషులు. వాళ్ళ చేత ఔననిపించుకోలేకపోతే ఈ చెట్టెందుకు, ఈ చదువెందుకు అనుకుంది. మన్యంలో గుగ్గిలం చెట్లున్నాయి కదా అని గుర్తొచ్చింది. వాటి పరిమళం తయారుచేసే జన్యువుని పట్టి తన చెట్టులో పెట్టింది. కొత్త మొక్కకి మొదటి బంక చుక్క పుట్టినరోజు లాబ్ అంతా సాంబ్రాణి వేసినట్టు గుమగుమలాడిపోయింది. పరాంకుశంగారు కళ్ళు మూసుకుని, "ఇప్పుడు ఎవడు కొడతాడమ్మా ఈ చెట్టుని!" అన్నారు.

నిజమే, ఎవరూ కొట్టలేదు. గెడ్డవీధిలో ఆరు వందల సూదిచెట్లు పెరిగాయి, ఒక్కోదానికీ బంక తినొద్దని రత్నం రాసిన బోర్డుతో. మూడో ఏడు తెల్లచీర తెల్లగానే ఆరింది. ఆ ఏడు పేటలో ఆడవాళ్ళు పనిగట్టుకుని తెల్లచీరలు కట్టారు. మందుల షాపు గవరయ్య, "నీ సెట్లొచ్చి నా దగ్గుమందు సీసాలకి బూజు పట్టించీసినాయే తల్లీ" అని నవ్వుతూ తిట్టాడు. పదకొండు పట్నాల వాళ్ళు మొక్కలు కావాలని వచ్చి పట్టుకెళ్ళారు. అన్నిటికన్నా మించి, అదే పేటలో కాపురమున్న వరాలుకి బిడ్డ నిలిచాడు. అంతకుముందు ఆమెకి రెండు కడుపులు పోయాయి. ఈ గాలిలో ఉంటే మూడోదీ కష్టమే అన్నారు డాక్టర్లు. చెట్లొచ్చాక పుట్టినవాడు దక్షిత్, మూడు కిలోల పిల్లాడు, ఏడిస్తే వీధి చివరికి వినపడేది. పేటంతా వాడిని దచ్చీ అనేవారు.

రత్నం తల్లి కొండమ్మ గెడ్డవీధిలో పురిటిబిడ్డలకి నీళ్ళు పోసే మనిషి. ముప్పై ఏళ్ళుగా అదే పని. కాళ్ళు బారజాపి కూచుని, బిడ్డని మోకాళ్ళ కింద బోర్లా వేసుకుని, నూనె పట్టించి, నలుగు పెట్టి, గోరువెచ్చటి నీళ్ళు వీపు మీద పోస్తుంటే ఎంత గోలపెట్టే బిడ్డయినా మెత్తబడిపోవాల్సిందే. తర్వాత తుడిచి, పొత్తిగుడ్డలో చుట్టి, నిప్పుల మీద సాంబ్రాణి వేసి ఆ పొగ పట్టించేది. బిడ్డకి జలుబు చేరదు, దిష్టి తగలదు, సుఖంగా నిద్రపడుతుంది. బాలింత జుట్టు కూడా గంప మీద పరిచి పొగ వేసేది. పుట్టింటికి పురిటికి వచ్చిన ఆడపిల్లలు ఐదో నెలలో అత్తారింటికి బయల్దేరుతుంటే, కొండమ్మ ఒక పొట్లం సాంబ్రాణి కూడా వాళ్ళ సంచిలో పెట్టి పంపేది.

రత్నం కాపురం పట్నం అవతల, లాబ్ క్వార్టర్స్‌లో. పెళ్ళి మాట ఎత్తితే చెట్టు మాట ఎత్తేది, అలా నలభై దాటాయి. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి తల్లి ఇంటికి వచ్చేది. వీధిలోకి అడుగుపెట్టగానే సాంబ్రాణి వాసన, ఇంట్లోకి వచ్చినా సాంబ్రాణి వాసన. నా చెట్ల వాసనే కదా అనుకుని గుండెల నిండా పీల్చుకునేది.

దచ్చీ పదమూడో నెలకే మాటలు మొదలెట్టాడు. అమ్మ, బువ్వ, బౌబౌ. రత్నాన్ని చూస్తే "పెద్దా" అని చేతులు చాచేవాడు. పెద్దమ్మ అనడానికి అంతవరకే వచ్చేది వాడికి. రత్నం ఆ ఒక్క మాట కోసం వారమంతా ఎదురుచూసేది. పదిహేడో నెల వచ్చాక వాడు తిండి తినడం మానేశాడు. కడుపు పట్టుకుని మెలికలు తిరిగి ఏడ్చేవాడు. తర్వాత ఏడవడం కూడా తగ్గిపోయింది. గోడ వంక చూస్తూ కూచునేవాడు. ఒక ఆదివారం రత్నం గుమ్మంలో నిలబడి, "దచ్చీ, ఎవరొచ్చారో చూడు!" అంది. వాడు తిరగలేదు. మళ్ళీ పిలిచింది. చప్పట్లు కొట్టింది. వాడు చాప పుల్ల పీకుతూనే ఉన్నాడు.

"నెల్లాళ్ళ నుంచి ఇంతే అప్పా" అంది వరాలు. "అత్తోరు మాటలు ఆలస్యమవుతాయి మగపిల్లలకి అంటన్నారు. ఆలస్యం కాదు. ఉన్న మాటలు పోతన్నాయి. బువ్వ కూడా అనట్లేదు ఇప్పుడు."

రత్నం మర్నాడే చెల్లెల్నీ పిల్లాడినీ వెంటబెట్టుకుని పిల్లల డాక్టరు గ్రేసమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆమె వాడి కళ్ళు చూసింది, చిగుళ్ళు చూసింది, నెత్తురు తీసి పంపింది. మూడోరోజు కబురు చేసి ఇద్దర్నీ కూచోబెట్టింది.

"సీసం ఉందమ్మా ఒంట్లో. ఉండదగ్గ హద్దుకి పదిహేను రెట్లు. మీ ఇంటి గోడల రంగులు పాతవా? వంటగిన్నెలు? తాగే నీళ్ళు?"

"మా పేటలో గాలే శుభ్రం చేశానండీ నేను" అంది రత్నం. అన్నాక ఆ మాట ఎంత తెలివితక్కువగా ఉందో ఆమెకే తెలిసింది.

"నెత్తురులోది మందులతో దింపొచ్చు. కానీ మెదడుకి జరిగింది జరిగిపోయినట్టే. ఎంత తొందరగా మూలం పట్టుకుని ఆపితే అంత మిగులుతుంది. ఒక్కో వారమూ లెక్కే" అంది గ్రేసమ్మ. వరాలు బిడ్డని ఇంకా గట్టిగా పట్టుకుంది.

రత్నం సెలవు పెట్టి చెల్లెలి ఇల్లంతా గాలించింది. గోడ గీకింది, కుళాయి నీళ్ళు పట్టింది, బియ్యం, పసుపు, మట్టి, బొమ్మల రంగు, దేన్నీ వదల్లేదు. అన్నీ లాబ్‌లో పరీక్షించింది. అన్నీ శుభ్రం. పదేళ్ళ కిందటి గెడ్డవీధి కంటే ఎన్నో రెట్లు శుభ్రం. తన చెట్టు తన పని చక్కగా చేసిందని ఆ కాగితాలన్నీ సాక్ష్యం చెబుతున్నాయి. మరి ఈ పిల్లాడి ఒంట్లోకి సీసం ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

గురువారం పొద్దున్న తొమ్మిదింటికి తల్లి ఇంట్లో పసుపుకొమ్ములు నూరే రాయి ఉంటే దాన్నీ పరీక్షిద్దామని వెళ్ళింది. ఆ వేళప్పుడు ఆమె ఆ ఇంటికి వెళ్ళి ఏళ్ళయింది. పక్కింటి పైడమ్మ కూతురు పురిటికి వచ్చింది. ఇరవై రోజుల బిడ్డకి నీళ్ళు పోయడం అయిపోయింది, కొండమ్మ వాడిని గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని ఉంది. పక్కన మూకుట్లో నిప్పులు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వేటే ఇంత పొద్దున్నే! ఉండు, ఈడికి పొగేసి నీకు అట్టేస్తాను" అంది కొండమ్మ. గూట్లోంచి రేకు డబ్బా తీసి మూత తెరిచింది. అందులో గోధుమరంగు బంక ముద్దలు, గింజలు గింజలుగా.

రత్నం వాటిని ఎరుగును. ఒక్కో ముద్దా ఎన్నాళ్ళకి ఎంత పెరుగుతుందో, ఏ రంగు నుంచి ఏ రంగుకి తిరుగుతుందో తొమ్మిదేళ్ళు రాసుకున్న మనిషి.

"అమ్మా, అది ఎక్కడిది?"

"ఎక్కడిదేటి! నీ సెట్టుదే. రెండేళ్ళ బట్టి, నెలకోపాలి గీకీవోళ్ళు రాకముందే నాను ఎల్లి తెచ్చుకుంటన్నాను. బజారు సాంబ్రాణిలో రంపప్పొట్టు కలిపి సంపుతన్నారు. ఇది సూడు, ఎంత కమ్మగుందో! నా కూతురు సెట్టు సాంబ్రాణి అని అందరికీ సెప్పుకుంటాను" అంది కొండమ్మ, ముఖం వెలిగిపోతుండగా.

పైడమ్మ కూతురు గుమ్మంలో నవ్వుతూ నిలబడి ఉంది. రత్నం ఒక్క అంగలో వెళ్ళి తల్లి చేతిలోంచి డబ్బా లాక్కుంది. "ఇవాళ పొగ వద్దమ్మా, బిడ్డకి గొంతు పొడారింది. ఈ డబ్బా నాకు కావాలి, లాబ్‌లో పని ఉంది" అంది.

"మీ ఆపీసోళ్ళకి కూడానా? పట్టుకెల్లు, పట్టుకెల్లు. మళ్ళీ తెచ్చుకుంటాను" అని కొండమ్మ మురిసిపోయింది.

లాబ్‌లో మూసిన పెట్టెలో ఒక్క ముద్ద, మినపగింజంత, నిప్పుమీద వేసింది. పొగ సుడి తిరిగి పెట్టె నిండింది. పక్కనున్న యంత్రం చూపించిన అంకె చూసి, యంత్రం చెడిందేమోనని రెండోదాని మీద చూసింది. అదే అంకె. నెలరోజుల పాటు ఒక చెట్టు వీధి మొత్తంలోంచి ఏరిన సీసం ఒక్క ముద్దలో ఉంది. దాన్ని తలుపులు మూసిన చిన్న గదిలో, పొత్తిళ్ళలోని బిడ్డ ముఖం కింద కాల్చారు. దచ్చీ మనవడు కాబట్టి వాడికి పదహారు నెలలు, రోజూ. రత్నం నేల మీద చతికిలబడి పెద్దగా ఏడ్చింది. పక్కగదిలో రీసెర్చి చేసుకునే పిల్లలు విన్నారు, ఎవరూ లోపలికి రాలేదు.

పరాంకుశంగారు కాగితాలు రెండుసార్లు చదివారు. ఆయన చెడ్డవాడు కాదు. అదే కష్టం.

"రేపే మనుషుల్ని పెట్టి మొత్తం బంక గీకించేద్దాం. ఇకమీదట వారానికోసారి గీకిద్దాం. వాసన తీసేసిన మొక్క తయారుచేయండి. రెండేళ్ళలో పాతవాటి స్థానంలో అవి పెడదాం. చప్పుడు లేకుండా" అన్నారు.

"చప్పుడు లేకుండానా సర్?"

"చెబితే ఏమవుతుందో మీకు తెలీదా రత్నంగారూ? ఒక్క చెట్టు మిగలనివ్వరు. ఇక్కడే కాదు, పదకొండు పట్నాల్లోనూ. మీ చెట్టు వల్ల ఏటా ఎంతమంది బతుకుతున్నారో లెక్క కట్టింది మీరే. వాళ్ళందరినీ మళ్ళీ ఆ దుమ్ములోకి తోసేద్దామా?"

నిజం చెప్పాలంటే, ఒక పూటంతా రత్నం ఆయన చెప్పినట్టే చేద్దామనుకుంది కూడా. తండ్రి గుర్తొచ్చాడు. ఆ గురగుర చప్పుడు పదకొండు పట్నాల్లో మళ్ళీ మొదలవుతుంది. కానీ ఒక్కో వారమూ లెక్కే అన్న గ్రేసమ్మ మాట మరోవైపు. ఆ పొగ పీల్చిన పిల్లలు ఎంతమందో, ఎక్కడున్నారో తెలియాలి. సగం మంది ఆ వీధిలోనే లేరు. తల్లులు పురుడు పోసుకుని అత్తారి ఊళ్ళకి వెళ్ళిపోయారు, సంచుల్లో పొట్లాలతో సహా. ఏ ఆస్పత్రి పుస్తకంలోనూ ఆ జాబితా లేదు. ఉంటే ఒక్క కొండమ్మ బుర్రలో ఉంది.

"పిల్లల పేర్లు కావాలి సర్" అంది రత్నం, సాయంత్రం ఆయన గదికి మళ్ళీ వెళ్ళి. "పేర్లు కావాలంటే మా అమ్మకి చెప్పాలి. మా అమ్మకి చెబితే ఊరికి చెప్పినట్టే."

అలా అన్నదే గానీ, తల్లి ఎదుట కూచున్నాక బంక మాట ఎత్తలేకపోయింది. కొండమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. రత్నం పుస్తకం తెరిచి, "అమ్మా, ఈ రెండేళ్ళలో నువ్వు నీళ్ళు పోసిన పిల్లలందరి పేర్లూ చెప్పగలవా?" అని మాత్రం అడిగింది.

"సెప్పలేనేటి? పేపరులో ఏస్తారేటే?" అని కొండమ్మ సర్దుకుని కూచుంది. "రాసుకో. మొదట పైడమ్మ పెద్దకూతురు కొడుకు, ఆడు తలకిందులుగా పుట్టినాడు. అత్తోరు చీపురుపల్లి కాడ. మరి గవరయ్య మనవరాలు, నీల్లు పోస్తే నవ్వీది ముండ, అలాటి గుంటని నాను సూడనేదు. తర్వాత కవలలు, రిచ్చా సూరిబాబుకి. ఆల్లకి సెరో పొట్లమూ ఇచ్చినాను పట్టుకెల్లడానికి..."

ఒక్కో బిడ్డకీ ఒక కథ. ఎవరి నెత్తి మీద సుడి ఉందో, ఎవరు ముక్కు నొక్కితే ఊరుకునేవారు కాదో, ఎవరి తల్లికి పాలు పడలేదో. చిక్కుడుకాయలు ఆగిపోయాయి, ఆవిడ నవ్వుతూ చెబుతూనే ఉంది. రత్నం రాస్తూనే ఉంది. నలభయ్యో పేరు దగ్గర కాగితం మీద అక్షరాలు కనపడటం మానేశాయి.

"ఇంటోడని ఆకర్న ఉంచినాను, నలభై ఒకటోవోడు మన దచ్చిగాడు. ఏటే, ఎందుకేడస్తన్నావు?"

అప్పుడు చెప్పింది. బంకలో ఏముందో, పొగలో ఏం వచ్చిందో, దచ్చీకి ఏమైందో, ఏదీ దాచలేదు. కొండమ్మ మధ్యలో అడ్డు రాలేదు. అంతా అయ్యాక, "సీసమంటే బేటరీలోదేనా? ఆ షెడ్లలోది?" అని అడిగింది.

"అదేనమ్మా."

"దచ్చిగాడికీ దానివల్లేనా?"

"వాడికే ఎక్కువమ్మా. వాడికి ఎక్కువ రోజులు వేశావు."

కొండమ్మ, నిష్ఠూరంగా కాదు, నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది. "సెట్టు సెట్టుకీ బోర్డు పెట్టినావు కదే. దానిమీద తినొద్దని రాసినావు. మేమెవులమూ తిన్నేదు. పొగెయ్యొద్దని ఎందుకు రాయనేదు?"

"తట్టలేదమ్మా."

"నువ్వు పుట్టినప్పుడు నానే ఏసినాను కదే పొగ, ఈ ఇంట్లోనే. వరాలుకి ఏస్తంటే పక్కన కూకుని ఊదినావు. ఆ వోసన పెట్టి, మా గుమ్మాల ముందర నాటి, మేం పొగేసుకుంటామని నీకు తట్టనేదా?"

రత్నం తల వంచుకుంది. ప్రపంచంలోని ఏ శాస్త్రజ్ఞుడికి తట్టకపోయినా ఫరవాలేదు. ఆమెకి తట్టాలి. ఆమె గెడ్డవీధి పిల్ల. చెట్టు వాసన ఎంత దూరం వెళుతుందో కొలిచింది, ఎంతసేపు నిలుస్తుందో కొలిచింది, ఆ వాసన వచ్చేదాన్ని తన తల్లి ఏం చేస్తుందో మాత్రం ఒక్కసారి కూడా అనుకోలేదు.

కొండమ్మ చిక్కుడుకాయల చేట పక్కన పెట్టి లేచి, పైట దోపుకుంది. "పద. ముందు పైడమ్మ ఇల్లు" అంది.

ఆ రోజూ మర్నాడూ తల్లీ కూతుళ్ళు ఇల్లిల్లూ తిరిగారు. చెప్పవలసింది రత్నం చెబుతానంటే కొండమ్మ ఒప్పుకోలేదు. "పొగేసింది నాను" అని ప్రతి గుమ్మంలోనూ తనే చెప్పింది. కొందరు నమ్మలేదు. గవరయ్య కోడలు నేల మీద పడి గుండెలు బాదుకుంది. పైడమ్మ, ముప్పై ఏళ్ళ స్నేహం, కొండమ్మ ముఖాన ఉమ్మేసి తలుపు వేసుకుంది. కొండమ్మ తుడుచుకుని పక్క గుమ్మం ఎక్కింది.

పరాంకుశంగారు అన్నంతా అయింది. నాలుగు రోజుల్లో గెడ్డవీధిలో ఆరు వందల చెట్లూ నేలకూలాయి. ఆ కట్టె ఎవరూ పొయ్యిలో పెట్టకుండా కాపలా పెట్టి లారీల్లో తరలించారు. పదకొండు పట్నాల్లోనూ గొడ్డళ్ళు లేచాయి. వాసన తీసేసిన మొక్క తయారవుతోంది, కానీ తీసుకుంటామనే ఊరు ఒక్కటి లేదు. పదిరోజులకి పెరుగు మీద నల్లటి పొర తేలింది. నెల తిరిగేసరికి గవరయ్య దగ్గుమందు కోసం పట్నంలోకి మనిషిని పంపాడు. రత్నాన్ని విచారణ పేరుతో లాబ్‌కి రావద్దన్నారు. దానికి ఆమె బాధపడలేదు, బాధపడేంత ఖాళీ మనసులో లేదు.

చేతిలో జాబితా ఒకటే మిగిలింది. దాన్ని పట్టుకుని బస్సులెక్కింది. చీపురుపల్లి, సోంపేట, బొబ్బిలి, ఇంకా పేరు కూడా వినని ఊళ్ళు. ఒక్కో ఇంట్లో తిట్లు తిని, కాళ్ళు పట్టుకుని, బిడ్డని ఆస్పత్రికి చేర్చింది. రెండున్నర నెలల్లో నలభై ఒక్కరూ దొరికారు. పదమూడు మందికి పెద్దగా ఏమీ కాలేదంది గ్రేసమ్మ. పంతొమ్మిది మందికి మందులతో దిగుతోందంది. ఏడుగురి విషయంలో ఎదిగాక గానీ చెప్పలేనంది. కవలలిద్దరి గురించి ఏమీ అనలేదు. పంతొమ్మిది మందిలో దచ్చీ ఒకడు. వాడి నెత్తురులో సీసం హద్దు లోపలికి దిగిందని కాగితం వచ్చినరోజు రత్నం పరుగులాంటి నడకతో చెల్లెలి ఇంటికి వెళ్ళింది.

వరాలు కాగితం చూసి తిరిగి ఇచ్చేసింది. "నంబరు బాగుంది అప్పా. ఆడిని ఓసారి పిలు" అంది.

రత్నం పిలిచింది. దచ్చీ గోడ వంక చూస్తూ ఉన్నాడు. మోకాళ్ళ మీద వాడి ఎదురుగా వెళ్ళి, రెండు చేతులతో ముఖం తన వైపు తిప్పుకుని, "దచ్చీ, నేనురా, పెద్దని" అంది. వాడు ఆమె చెవి దుద్దు వంక చూశాడు. చేతులు తీసేయగానే ముఖం మళ్ళీ గోడ వైపు తిరిగిపోయింది.

"నువ్వు రాసిన బోర్డు మీద ఏముందో ఊరంతా మాటాడుకుంటన్నారు" అంది వరాలు. "నాను నిన్ను తిట్టను. అమ్మని కూడా తిట్టను. మీ ఇద్దరూ లేకపోతే ఈడు పుట్టీవోడే కాదు. కానీ అప్పా, కొన్నాళ్ళు రాకండి. మీ ఇద్దరూ ఆడిని ముద్దుసేస్తంటే నాను సూడలేకపోతన్నాను."

రత్నం తల్లి దగ్గరికి వచ్చేసింది. క్వార్టర్స్ ఖాళీ చేయమన్నారు, ఉండటానికి వేరే చోటు లేదు. ఇద్దరూ ఒకే ఇంట్లో మాటల్లేకుండా తిరిగేవారు. కొండమ్మని ఎవరూ నీళ్ళు పోయడానికి పిలవట్లేదు, పిలిచినా ఆవిడ వెళ్ళదు. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక మాత్రం, "ఏదీ, సదువు" అనేది. రత్నం పేర్లు చదివేది. ఎవరికి ఎలా ఉందో చెప్పేది. నలభై ఒకటీ అయ్యాక, "అందరూ దొరికినారు కదా. ఒక్కలు కూడా తప్పిపోనేదు కదా" అనేది కొండమ్మ. దొరికారమ్మా అని రత్నం అనేది. ఆ ఇంట్లో ఇంకా అన్నం ఉడుకుతోందంటే ఆ ఒక్క మాట వల్లే.

ఒకరోజు ఆ చదువు అయిన కాసేపటికే కొండమ్మ ఫోను మోగింది. ఆవిడకి చెవి సరిగా వినపడదు కాబట్టి స్పీకరు పెట్టుకుంటుంది.

"కొండమ్మామ్మా, నానండి, ఈసొరిని. బాగున్నారా?"

"ఏ ఈసొరివమ్మా?"

"మరిసిపోనారా మామ్మా! ఆ షెడ్డు కట్టీ పనికొచ్చినాం కదండి, రేకుల పాకలో ఉన్నాం. మావోడు పుట్టినప్పుడు మీరే కదండి పదకొండు రోజులు వొచ్చి నీల్లు పోసినారు. మేం ఎలిపోతంటే డబ్బా నిండా సాంబ్రాణి ఇచ్చినారు. దానికోసమే సేసినాను. అయిపోతన్నాదండి, ఇంకో వారానికి కూడా రాదు."

అవతలి పిల్ల చెప్పుకుపోతోంది.

"మావోడికి ఒంట్లో బాగుండట్లేదు మామ్మా. తినడు. ఫిట్సు కూడా వొస్తన్నాయి. మా కొండమీద ఆస్పత్రి లేదు కదండి. ఎవులి దిష్టో తగిలిందని, మీరిచ్చిన సాంబ్రాణి ఓపూట ఏసీవోల్లం మూడు పూటలా ఏస్తన్నాం. అది ఏస్తేనే ఆడు మగతగా పడుకుంటన్నాడు. కొంచెం పంపుతారేటండి?"

రత్నం ఫోను లాక్కుని, ఆ డబ్బా బయట పారేయమ్మా, ఇప్పుడే పారేయి, ఒక్క గింజ కూడా కాల్చకు, నేను బయల్దేరి వస్తున్నాను అని అరిచింది. ఆ పిల్ల బెదిరిపోయి ఎందుకండీ ఎందుకండీ అంటోంది. ఊరి పేరు అడిగి, దారి అడిగి, రత్నం పుస్తకం తీసింది. నలభై ఒకటి కింద నలభై రెండు అని వేసింది.

కొండమ్మ గోడకి జారగిలబడి కూచుంది. "మరిసిపోనాను. పదకొండు రోజులు ఎత్తుకుని మరిసిపోనాను" అంది. తర్వాత కూతురి మోచేయి పట్టుకుంది. "ఇంకెంతమందిని మరిసిపోనానే రత్నం?"

రత్నం తల్లి వంక చూడలేదు. "బాబు పేరేంటమ్మా?" అని ఫోనులో అడిగింది.

"ఇంకా పెట్టనేదండి. కాస్త నయమయ్యాక పెడదామని ఉంచినాం."

రత్నం పేరు ఉండవలసిన చోటు వదిలేసి, పక్కన ఊరి పేరు రాసుకుంది.